ప్యారీస్‌లో రంగూన్

ఊత్తుకోట దాటితే బోర్డులన్నీ అరవంలోకి మారిపోతాయి. ఒకప్పుడు తిరుపతి బస్సు నేరుగా చెన్నై ప్యారీస్‌లో దింపేసేది. ఇప్పుడు మాధవరంలో దిగి సిటీ బస్సు పట్టుకోవాల. మిట్టమధ్యాహ్నానికి రాజాజీ సాలైలో తేలతారు. ఒకపక్క ట్రాఫిక్ రొద, ఇంకోపక్క బీచ్ స్టేషన్ గోడ వెంబడి బారుగా అంగళ్లు. బర్మా బజార్.

"ఏం కావాల సార్? ట్రిమ్మరా, ఛార్జరా?" మీ మొహం చూసే తెలుగులోకి దిగుతాడు అంగడాయన.

"ట్రిమ్మర్ ఎంతన్నా?"

"ఎనిమిదొందలు."

మూడొందలకు అడుగుతారు మీరు. ఆయన ఉలకడు, పలకడు, ఇంకో పెట్టె తీసి ముందు పెడతాడు. తీయడానికి లేవక్కర్లేదు. ఇటు చెయ్యి చాస్తే సెంటు సీసాలు, అటు చాస్తే రిమోట్లు. ఆయన కూచున్నాక రెండో మనిషికి చోటే లేదు.

ఫారిన్ సరుకు మీద సవాలక్ష ఆంక్షలున్న కాలంలో మన చిత్తూరు వైపు నుంచి కూడా జనం టేప్‌రికార్డర్లకూ వాచీలకూ ఇక్కడికే వచ్చేవాళ్లు. గల్ఫ్‌లో చుట్టమే లేని ఇంట్లో ఫారిన్ సెంటు గుప్పుమందంటే ఇక్కడిదే అనుకోవచ్చు. వచ్చి బేరమాడేవాళ్లం, పోయేవాళ్లం. అమ్మేవాళ్లెవరని అడిగిన పాపాన పోలేదు. వాళ్లు బర్మాలో అంగళ్లు నడిపినవాళ్లు.

1962 మార్చిలో బర్మాలో నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964 మార్చి వచ్చేసరికి రంగూన్ అంగళ్లు సర్కారుపరం. నిన్నటిదాకా మీ పేరున్న బోర్డు స్థానంలో 'ప్రజల దుకాణం', దాని కింద ఒక నెంబరు. మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఇక ఉండి చేసేదేముంది? మూడు లక్షల మంది దాకా భారతీయులు మూటాముల్లె కట్టారు. ఓడ ఎక్కేచోట ఒంటిమీది బంగారం కూడా ఒలిచేసుకున్నారు.

ఓడలు మద్రాసుకు, విశాఖపట్నానికి వచ్చాయి. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కష్టపడిన తెలుగువాళ్లు చాలామంది విశాఖలో దిగారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. మద్రాసులో దిగిన కాందిశీకుల కోసం తమిళనాడు ప్రభుత్వం 1969లో ఈ బజారు పెట్టించింది. బర్మా, సిలోన్‌ల నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం కేంద్రం రెప్కో బ్యాంకు తెరిచిందీ ఆ ఏడే.

అంగడి పోగొట్టుకున్నవాడికి ఇచ్చింది రోడ్డు పక్కన ఇంత జాగా. నన్నడిగితే తక్కువే. కాకపోతే హార్బరుకు ఎదురుగా ఇచ్చారు. ఎవరికి తట్టిందో గానీ, వ్యాపారం తెలిసినవాడి ఆలోచన.

బేరం నాలుగొందల యాభైకి తెగింది. ఆకలేస్తోందా? వెనక సందులోకి, సెకండ్ లైన్ బీచ్‌కి నడవండి. బండి మీద నారింజరంగు నూడుల్స్ కుప్ప. కుర్రాడు గుప్పెడు తీసి గిన్నెలో వేసి, పచ్చి క్యాబేజీ తురుము, వేయించిన ఉల్లి, కారం, చింతపండు పులుసు పోసి చేత్తోనే కలుపుతాడు. పైన కరకరలాడే అప్పాలు నలిపి చల్లుతాడు. ఇది అత్తో. పక్కనే పొగలు కక్కే అరటిదూట సూపు. బర్మాలో దీన్ని చేపలతో కాస్తారు.

గుడ్డు కూడా చెప్పండి. ఉడికిన గుడ్డును చీల్చి, లోపల వేయించిన ఉల్లిపాయ కూరి ఇస్తాడు. కొరకొద్దు. మొత్తం నోట్లో పెట్టేసుకోండి, లేకుంటే చొక్కా మీద పడుతుంది.