కనబడని పగులు: కాలి ఎముక నొప్పికి వైద్య చిత్రణ చరిత్ర

1855లో ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైట్‌హౌప్ట్, సుదీర్ఘమైన కవాతుల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పెట్టడాన్ని గ్రంథస్థం చేశాడు. ఎముకను బయటినుండి చూసే సాధనం అప్పటికి లేదు. అందుచేత ఆయన దానిని స్నాయువుల తొడుగులకు వచ్చిన వాపుగా భావించాడు. 1895 చివర రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. 1897లోనే స్టెకో అనే జర్మన్ వైద్యుడు అటువంటి పాదాలకు ఎక్స్-రే తీసి, పాదం ముందుభాగపు పొడవాటి ఎముకలు విరిగి ఉన్నాయని చూపాడు. నలభై ఏళ్ళుగా వాపు అనుకున్నది ఒక్క చిత్రంతో పగులుగా మారింది. ఈ విజయం వెంట ఒక చిక్కు కూడా వచ్చింది: పగులు ఉంటే అది చిత్రంలో కనబడి తీరాలన్న నమ్మకం.

మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు చేతికి తగిలే ఎముక అంతర్జంఘిక. ఈ ఎముక విషయంలో ఆ నమ్మకం నిలవలేదు. పదేపదే పడే భారానికి ఎముకలో సూక్ష్మమైన పగుళ్ళు ఏర్పడతాయి. శరీరం పాత ఎముకను కరిగించి కొత్తది పోస్తుంది. పోయడం కంటే కరిగించడం ముందు జరుగుతుంది. విశ్రాంతి లేకుండా పరుగు సాగితే ఆ వ్యవధిలోనే ఎముక బలహీనపడుతుంది. ఎక్స్-రేలో కనబడేది ప్రధానంగా కొత్త ఎముక పేరుకున్న గుర్తు. అది రావడానికి వారాలు పడుతుంది, ఒక్కొక్కసారి అసలు రాదు. నొప్పి మాత్రం మొదటి రోజునుండే ఉంటుంది.

1956లో బరోస్ బ్యాలే నర్తకుల అంతర్జంఘిక నడిమిభాగంలో, ముందువైపు వచ్చే పగుళ్ళను వివరించాడు. 1958లో ఇంగ్లండుకు చెందిన శస్త్రవైద్యుడు డెవాస్, క్రీడాకారుల కాలి ముందరి నొప్పిలో ఒత్తిడి పగులుకు గల స్థానాన్ని చర్చించాడు. అప్పటికి వైద్యుని చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే: కొన్ని వారాలాగి మళ్ళీ ఎక్స్-రే తీయడం. ఈ మధ్యకాలంలో రోగికి దొరికే సమాధానం "ఎముక బాగానే ఉంది" అన్నదే. ఆ మాట విని పరుగు కొనసాగించిన వారికి జరిగిన నష్టం ఏ చిత్రంలోనూ నమోదు కాలేదు.

1971లో సుబ్రమణియన్, మెకఫీ టెక్నీషియం-99ఎమ్‌ను ఫాస్ఫేటు సమ్మేళనంతో జోడించి ఎముక చిత్రణకు అనువైన పదార్థాన్ని ప్రకటించారు. దాని అర్ధాయువు సుమారు 6 గంటలు. నరంలోకి ఎక్కించిన ఈ పదార్థం కొత్త ఎముక తయారయ్యే చోట చేరుతుంది. అంటే చిత్రం ఇప్పుడు ఆకారాన్ని కాక, ఎముక చేస్తున్న పనిని చూపసాగింది. 1984లో హోల్డర్, మైకేల్ దీని ఆధారంగా ఒక ముఖ్యమైన భేదం చూపారు: ఎముక లోపలివైపు వెనుక అంచు వెంట పొడవాటి చారగా కనబడితే అది షిన్ స్ప్లింట్స్, ఒకే చోట కుదురుగా చిక్కబడితే ఒత్తిడి పగులు. అయితే ఈ స్కాన్ మరీ సున్నితం. సోకుడు, గడ్డ వంటివి కూడా అలాగే వెలుగుతాయి; మానిన పగులు సైతం నెలల తరబడి వెలుగుతూనే ఉంటుంది. పైగా రేడియోధార్మికత.

ఎమ్మారైకి ఆ దోషం లేదు. 1995లో ఫ్రెడరిక్సన్ బృందం పరుగువీరుల అంతర్జంఘికకు నాలుగు స్థాయిల వర్గీకరణ ఇచ్చింది. మొదటి స్థాయిలో ఎముకను కప్పే పైపొర దగ్గర మాత్రమే నీరు చేరుతుంది. రెండు, మూడు స్థాయిలలో మజ్జలోకి చేరుతుంది. నాలుగవ స్థాయిలో పగులు గీత కనబడుతుంది. పగులు ఉందా, లేదా అన్న పాత ప్రశ్న ఇక్కడ ఎంత దూరం వెళ్ళిందన్న ప్రశ్నగా మారింది. ఈ చరిత్రలో ఇదే అసలైన మలుపు. యంత్రం మారడం దానిముందు చిన్న విషయం. అయినా ఎక్స్-రే పక్కకు పోలేదు. బరోస్ చూపిన ముందువైపు పగులు అందులో నల్లని అడ్డగీతగా కనబడుతుంది. నడిచేటప్పుడు ఆ వైపు ఎముక సాగదీతకు లోనవుతుంది గనుక అక్కడి పగులు త్వరగా మానదు, పూర్తిగా విరిగే ప్రమాదమూ ఉంది.

కొత్త సాధనం కొత్త సందేహాన్నీ తెచ్చింది. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో ఏ నొప్పీ లేని కళాశాల స్థాయి దూరపు పరుగు క్రీడాకారులు 21 మందికి ఎమ్మారై తీయగా, 43 శాతం మందిలో అంతర్జంఘిక ఒత్తిడి గుర్తులు కనిపించాయి. ఎక్స్-రే కాలంలో నొప్పి ఉండి చిత్రం ఖాళీగా వచ్చేది. ఇక్కడ చిత్రం నిండుగా ఉండి నొప్పి లేదు. ఆ గుర్తులున్న వారిని తరువాత గమనించినప్పుడు వాటి మూలంగా ఎముక విరగలేదు.