హెచ్‌ఐవి మందుల క్రమపాలన: ఉత్తరాంధ్ర గిరిజన యువత

హెచ్‌ఐవి ఉన్నవారు యాంటీ రెట్రోవైరల్ చికిత్స (ఏఆర్‌టి) మందులను రోజూ వేళకు, జీవితాంతం మానకుండా వేసుకోవడమే క్రమపాలన. దేశంలో వీటి ఉచిత పంపిణీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుంచి సిడి4 అనే రోగనిరోధక కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన అందరికీ చికిత్స ఇస్తున్నారు.

కొలమానం: మోతాదుల్లో కనీసం 95 శాతం వేసుకోవాలి. రోజుకొకటి చొప్పున ఇచ్చిన 30 మాత్రల్లో రెండు వేసుకోకపోయినా ఆ ప్రమాణం తప్పినట్టే. అందుకే కౌన్సెలర్లు సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. తరచూ మానేస్తే వైరస్ మందుకు లొంగకుండా పోతుంది. ఏఆర్‌టి మందుల్లో ఒకటైన డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రను ఐరన్ మాత్రతో కలిపి పరగడుపున వేసుకోకూడదు. రక్తహీనతకు ఐరన్ వాడే అమ్మాయిలకు ఈ సంగతి విడమరచి చెప్పాలి.

స్థానిక అవరోధాలు: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు సవర, జాతాపు తెగల యువతకు కొండ మీది గూడెం నుంచి పట్నం ఆసుపత్రికి రావడమంటే బస్సు ఖర్చుతోపాటు ఆ రోజు కూలి కూడా పోవడమే. వలస వెళ్లినచోట మందులు అయిపోతాయి. వసతి గృహంలో నలుగురి కంటపడకుండా మాత్ర వేసుకోవడం కష్టం.

రక్షణ: 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన 2017 నాటి హెచ్‌ఐవి చట్టం వివక్షను నిషేధించి, వివరాల గోప్యతకు హామీ ఇస్తోంది. వలస వెళ్లేవారు ముందే చెబితే మరో ఏఆర్‌టి కేంద్రానికి బదిలీ పొందవచ్చు. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.