ఊపిరితిత్తుల మందు, కాలేయంలో వైరస్: కార్ నికోబార్ లెక్క

అప్పట్లో పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రంలో పనిచేసిన మనోజ్ ముర్హేకర్ బృందం అండమాన్ నికోబార్ గిరిజనుల రక్తనమూనాలలో, కాలేయానికి సోకే హెపటైటిస్-బి వైరస్ ఎంతుందో చూసింది. 2000లో వెలువడిన ఆ ఫలితాలు వైద్యులను ఉలిక్కిపడేలా చేశాయి. అప్పటి అంచనాల ప్రకారం దేశం మొత్తమ్మీద వందకు ఇద్దరి నుంచి నలుగురి వరకు ఉండే ఈ వైరస్, నికోబారీల్లో దాదాపు నలుగురిలో ఒకరి రక్తంలో కనిపించింది. గ్రేట్ నికోబార్ అడవుల్లోని షోంపెన్‌లలో మూడింట ఒక వంతుకు పైగా మందికి ఉంది. తర్వాతి పరిశీలనలో జారవాల్లో సగం మందికంటే ఎక్కువ అని తేలింది. వందకు ఎనిమిది దాటితేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అత్యధిక వ్యాప్తి ఉన్న ప్రాంతం.

నాలుగేళ్ళ తర్వాత, 2004లో, అదే ముర్హేకర్ మరికొందరితో కలిసి నికోబారీలు ఉండే కార్ నికోబార్ దీవిలోని క్షయవ్యాధి మీద ఇంకొక వ్యాసం ప్రచురించారు. ఆ దీవిలో 1986లో క్షయ మీద ముమ్మరంగా ఒక నియంత్రణ ప్రాజెక్టు నడిచింది. పదిహేనేళ్ళ తర్వాత ఇంటింటికీ తిరిగి దగ్గేవారి కఫం పరీక్షిస్తే, క్షయ తగ్గలేదు సరికదా పెరిగింది. లక్ష జనాభాకు ఏడువందలకు పైగా కఫంలో క్రిములున్న రోగులు!

ఒకే చేయి రాసిన రెండు వ్యాసాలు. ఒకటి కాలేయం గురించి, ఒకటి ఊపిరితిత్తుల గురించి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే కనిపించేది మూడో విషయం: కార్ నికోబార్‌లో క్షయ మందులు మింగేవారిలో చాలామంది కాలేయంలో వైరస్ ముందే కాపురముండి ఉంటుంది. క్షయకు మనం ఇచ్చే ముఖ్యమైన మాత్రలు ఆ కాలేయం గుండానే పోవాలి.

ఈ సంగతి తెలియడానికి వైద్యలోకానికి చాలాకాలం పట్టింది. 1952లో ఐసోనియాజిడ్ అనే క్షయ మందు వచ్చినప్పుడు అదొక వరం. అంతకుముందు క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పడక. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, మాత్రలు ఇంట్లో ఉండి వేసుకున్నా రోగి బాగుపడతాడని 1959కల్లా నిరూపించింది. పేదదేశాల రోగులకు ఇంతకంటే మేలుచేసిన పరిశోధన లేదని నేను నమ్ముతాను. అయితే రోగి ఇంటికి వెళ్ళిపోయాక, అతని కళ్ళు పచ్చబడుతున్నాయా అని రోజూ చూసే నర్సు ఉండదు.

మందు వల్ల కాలేయం దెబ్బతినవచ్చని పెద్ద ఎత్తున బయటపడింది అమెరికాలో. 1970లో వాషింగ్టన్ కాపిటల్ హిల్‌లో క్షయ సోకే ప్రమాదమున్న ప్రభుత్వోద్యోగులు 2,300 మందికి పైగా ముందు జాగ్రత్తగా ఐసోనియాజిడ్ వేసుకున్నారు. వాళ్ళెవరూ రోగులు కారు. అయినా 19 మందికి కాలేయవ్యాధి వచ్చింది, ఇద్దరు మరణించారు. అప్పటినుంచే మందుతోపాటు కాలేయాన్నీ కనిపెట్టి ఉండాలన్న పట్టుదల పెరిగింది.

ఈ విషయంలో వైరస్ పాత్ర మీద పెద్దగా చూపు పడని కాలం అది. హెపటైటిస్-బి జాడ దొరికింది కూడా అనుకోకుండానే. బరూచ్ బ్లంబర్గ్ వ్యాధుల కోసం కాదు, మనుషుల రక్తంలో వంశపారంపర్య తేడాల కోసం నానా దేశాల నమూనాలు పోగుచేస్తూ ఉంటే, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త ప్రొటీన్ తగిలింది. అది ఈ వైరస్ పైపొర అని తేలింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పైపొర కోసం చేసే పరీక్షే తర్వాత నికోబార్ రక్తనమూనాల మీద పనిచేసింది.

రెండు దారులూ కలిసింది 1990ల చివర. 1998లో ఫ్లోరిడాలో క్షయ రోగులను గమనించినవారు, కాలేయానికే సోకే మరో వైరస్ హెపటైటిస్-సి ఉన్నవారికి మందుల వల్ల కాలేయం దెబ్బతినే ముప్పు సుమారు ఐదింతలని చూపారు. 2000లో హాంకాంగ్ వైద్యులు క్షయ మందులు వాడుతున్నవారిలో హెపటైటిస్-బి మోసేవారిని లెక్కించారు: వారిలో మందులతో కాలేయం పాడైనవారు ముగ్గురిలో ఒకరు, వైరస్ లేనివారిలో పదిమందికి ఒకరు. ముర్హేకర్ బృందం నికోబారీల వైరస్ లెక్క వెలువరించిన ఏడాదే ఇదీ వచ్చింది.

కారణం అర్థంకానిది కాదు. ఐసోనియాజిడ్‌ను కాలేయం విడగొట్టే క్రమంలో విషపదార్థాలు పుడతాయి. దానితోపాటు ఇచ్చే రిఫాంపిసిన్ ఆ ప్రక్రియను వేగిరపరుస్తుంది. వాటికి తోడిచ్చే పైరజినమైడ్ ఇంకో భారం. అప్పటికే వైరస్‌తో వాచి ఉన్న కాలేయానికి అంత ఓపిక ఉండదు.

ఒక చిన్న గందరగోళం ఇక్కడ చెప్పాలి. రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగుకు మారుస్తుంది. అది ప్రమాదం కాదు. కళ్ళలో తెల్లగుడ్డు పచ్చబడటం, వాంతులు, అన్నం సయించకపోవడం, కుడి డొక్కలో నొప్పి, ఇవీ ప్రమాదం. వీటిలో ఏది కనిపించినా పసరు మందు కోసం పరిగెత్తకుండా ఆ రోజే వైద్యుణ్ణి చూడాలి. మందు మార్చే మార్గాలున్నాయి. సొంతంగా మానేసి ఊరుకుంటే క్షయ తిరగబెడుతుంది.

వైరస్‌ను అసలు రానీయకుండా చేసే టీకా ఖరీదు ఒకప్పుడు సామాన్యుడికి అందనంత ఎక్కువ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్‌వాక్-బి తెచ్చి ఆ ధరను నేలకు దించింది. కార్ నికోబార్‌లో టీకా వేసి, ఏళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించిన పరిశోధకులకు రక్షణ చాలామందిలో నిలిచే ఉన్నట్టు కనిపించింది. దేశమంతటా ఈ టీకా 2011కల్లా పిల్లలకు ఉచితమైంది, 2018 జూలై 28న వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమూ మొదలైంది.

శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి అండమాన్ నికోబార్ దీవుల్లో స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలున్నాయి. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో వందకు పదమూడుగురి మాతృభాష తెలుగే. వారికీ, ఇక్కడివారికీ ఒకటే విన్నపం. ఇంట్లో ఎవరికైనా క్షయ మందులు మొదలుపెడుతుంటే, తొలి మాత్రకు ముందే హెపటైటిస్-బి, సి పరీక్షలు, కాలేయ పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగండి. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటల్లో హెపటైటిస్-బి టీకా పడిందో లేదో కార్డులో చూసుకోండి.