‘కౌన్’: వాన రాత్రి బెల్ కొట్టిన ఆ మనిషి ఎవరు?

బయట ఉరుములతో వాన. పెద్ద ఇంట్లో ఒక యువతి ఒక్కతే ఉంది. నగరంలో ఎవరో హంతకుడు తిరుగుతున్నాడని టీవీలో చెబుతున్నారు. అంతలో కాలింగ్ బెల్ మోగింది. తడిసిపోయి గుమ్మం ముందు నిలబడ్డ వ్యక్తి, మల్హోత్రా గారి ఇల్లు ఇదేనా అని అడిగాడు.

రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘కౌన్’ కథ ఇక్కడి నుంచే ఊపందుకుంటుంది. 1999 ఫిబ్రవరి 26న విడుదలైన ఈ హిందీ సినిమా నిడివి గంటన్నర. తెర మీద ప్రధానంగా కనిపించేది ముగ్గురే: ఊర్మిళ మతోండ్కర్, మనోజ్ బాజ్‌పాయ్, సుశాంత్ సింగ్. ఒకటే ఇల్లు, ఒకటే రాత్రి, పాటలు లేవు. రచన అనురాగ్ కశ్యప్‌ది, ఛాయాగ్రహణం మజహర్ కామ్రాన్‌ది, నేపథ్య సంగీతం సందీప్ చౌతాది. అపరిచితుడు ఇంటికొచ్చి భయపెట్టే కథలు ప్రపంచంలో చాలా భాషల్లో వచ్చాయి. వాటి సరసన నిలబెట్టడానికి తెలుగు దర్శకుల పని నుంచి ఒక్క సినిమాను ఎంచుకోమంటే ముందుగా గుర్తొచ్చేది ఇదే.

(గమనిక: కింది భాగంలో సినిమా ముగింపు ప్రస్తావన ఉంది.)

మర్యాదే ఆయుధం

బాజ్‌పాయ్ పోషించిన సమీర్ అరవడు, బెదిరించడు. మాటకు ముందొకసారి, వెనకొకసారి ‘మేడమ్’ అంటాడు. వానలో తడుస్తున్నానంటాడు, ఒక్క ఫోన్ చేసుకుంటానంటాడు. వద్దని పంపేసినా మళ్లీ వచ్చి బెల్ కొడతాడు. అతని వినయం హద్దు దాటేకొద్దీ చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ‘సత్య’ 1998 జులై 3న వచ్చింది. అందులో బాజ్‌పాయ్ భీకూ మాత్రే అనే ముంబయి దాదా. ఎనిమిది నెలలు తిరక్కుండానే అదే నటుడు ఇలా చేతులు నలుపుకుంటూ గుమ్మంలో నిలబడితే, అప్పటి ప్రేక్షకుడు ఎప్పుడు పేలతాడా అని ఎదురుచూశాడు. దర్శకుడికి కావాల్సింది కూడా ఆ ఎదురుచూపే.

ఈ భయం మన ఇళ్లలో ఇంకొంచెం బాగా పట్టుకుంటుంది. ఎండన పడో వానన పడో వచ్చిన మనిషిని లోపలికి రమ్మనడం, మంచినీళ్లివ్వడం చిన్నప్పటి నుంచీ నేర్పిన పద్ధతి. ఒంటరిగా ఉన్న ఆడపిల్ల ఆ పని చేస్తే తెలివితక్కువతనం, చేయకపోతే కాఠిన్యం. ఊర్మిళ పాత్ర ఈ రెంటి మధ్యా నలుగుతుంది. తలుపు సందులోంచి మాట్లాడుతుంది, గొళ్లెం మీద నుంచి చెయ్యి తీయదు. ఆ తలుపు ఎంత తెరుచుకుంది అన్నదాని మీదే దాదాపు అరగంట ఉత్కంఠ నడుస్తుంది.

తర్వాత మూడో మనిషి వస్తాడు. పోలీస్ ఇన్‌స్పెక్టర్ ఖురేషీనంటాడు. ఇప్పుడు అనుమానం ఇద్దరి మీదకు చీలుతుంది. ఇద్దరూ ఒకరిని ఒకరు వేలెత్తి చూపుకుంటుంటే మన కళ్లు వాళ్ల మధ్యే తిరుగుతుంటాయి. హంతకురాలు ఆ అమ్మాయే అన్నది చివర్లో బయటపడుతుంది. ‘కౌన్’ అంటే ‘ఎవరు’ అని. ఆ ప్రశ్నను మనం గుమ్మం బయట ఉన్నవాళ్లనే అడిగాం, లోపల ఉన్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇటలీ వాళ్ల దారి

కళ్ల ముందే ఉన్నదాన్ని తప్పుగా చదవడం అనే ఈ ఎత్తుగడకు ఇటలీలో పెద్ద చరిత్రే ఉంది. అక్కడ ఇలాంటి సస్పెన్స్ కథలను ‘జాల్లో’ అంటారు. ఆ మాటకు అర్థం పసుపు రంగు. మొందదోరి అనే ప్రచురణ సంస్థ 1929 నుంచి నేర పరిశోధన నవలలను పసుపు అట్టలతో అచ్చు వేసింది, ఆ రంగే పేరైంది. మన దగ్గర డిటెక్టివ్ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో తిరిగినట్టు అక్కడ అవి తిరిగాయి. మారియో బావా 1963లో తీసిన ‘ఎక్కువ తెలిసిన అమ్మాయి’తో ఆ పసుపు పుస్తకాలు తెర మీదకొచ్చాయని సినిమా చరిత్రకారులు చెబుతారు. దారియో అర్జెంతో 1975లో తీసిన ‘ప్రొఫోందో రొస్సో’లో హంతకురాలి ముఖం మొదట్లోనే అద్దంలో కనిపిస్తుంది. కథానాయకుడు దాన్ని గోడ మీది చిత్రపటాల్లో ఒకటనుకుని ముందుకెళ్లిపోతాడు. ప్రేక్షకులూ అంతే.

ఇంటికొచ్చిన అపరిచితుడి కథ అక్కడ ఇంకో పాయగా నడిచింది. పసోలినీ 1968లో తీసిన ‘తెయొరేమా’లో మిలాన్‌లోని ఒక సంపన్న కుటుంబానికి అతిథి వస్తాడు. అతను వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఒక్కరూ మునుపటిలా మిగలరు. అది థ్రిల్లర్ కాదు గానీ, అతిథి వల్ల ఇల్లు కూలడం అనే ఆలోచనను అంత నిర్దయగా చూపిన సినిమా అరుదు. రుజ్జేరో దెయొదాతో 1980లో తీసిన ‘పార్కు అంచున ఇల్లు’ ఇదే సరుకును రక్తపాతంగా మార్చింది. అందులో క్రూరత్వమే ఎక్కువ, సస్పెన్స్ తక్కువ.

ఇటీవలి ఉదాహరణ 2021 జనవరిలో అమెజాన్ ప్రైమ్‌లో నేరుగా విడుదలైన ‘లా స్తాంజా’. అంటే ‘గది’. దర్శకుడు స్తెఫానో లొదొవికి. ప్రాణం తీసుకోబోతున్న స్తెల్లా అనే మహిళ ఇంటి బెల్ మోగుతుంది. వచ్చినవాడు, మీ ఇంట్లో గది బుక్ చేసుకున్నానంటాడు. ఇక్కడా పాత్రలు కొన్నే, ఇల్లు ఒకటే. వచ్చినవాడికి ఆ కుటుంబం గురించి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తెలుసు. ‘కౌన్’లో వచ్చినవాడికి ఆ ఇంటి గురించి ఏమీ తెలియదు, అదే అతని ప్రాణం మీదికి తెచ్చింది. రెండూ వెంటవెంటనే చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

తెలుగు దర్శకుడు, హిందీ ఇల్లు

వర్మకు ఇంటి మీద గురి ముందు నుంచీ ఉంది. 1992లో రేవతితో తీసిన ‘రాత్రి’లో భయం కొత్తగా దిగిన ఇంటి నేలమాళిగలో ఉంటుంది. 2003 నాటి ‘భూత్’లో అది ముంబయి అపార్ట్‌మెంటుకు మారింది. ఆ రెండింటికీ దెయ్యం అవసరమైంది. ‘కౌన్’కు ఏ దెయ్యమూ అక్కర్లేదు, అందుకే వాటికన్నా ఇది గట్టి సినిమా. అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన రోజుల నుంచీ వర్మ చూసిన విదేశీ సినిమాల ఛాయలు ఇందులో వెతకొచ్చు. పాటలు, కామెడీ ట్రాకు లేకుండా ముగ్గురితో సినిమా అంటే 1999లో తెలుగు పంపిణీదారులు ఏమనేవారో ఊహించడం కష్టం కాదు. హిందీలోనూ ‘సత్య’కు దక్కిన ఆదరణ దీనికి థియేటర్లలో దక్కలేదు. టీవీ, ఆ తర్వాత ఇంటర్నెట్ దీనికి రెండో జీవితం ఇచ్చాయి.

ఆ రెండో జీవితం కొన్ని చోట్లకు ఆలస్యంగా చేరింది. చెన్నై నుంచి అండమాన్‌కు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యే వరకూ ఆ దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే నడిచింది. ఇంట్లో కూర్చుని సినిమా మొత్తం ఆగకుండా చూడటం అప్పట్లో అక్కడ గగనంగా ఉండేది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో 13 శాతం మందికి పైగా మాతృభాష తెలుగు, బజారులో అందరినీ కలిపే భాష మాత్రం హిందీ. కాబట్టి శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని గోల్ ఘర్‌లో ఉండే తెలుగు కుటుంబానికి ‘కౌన్’ చూడాలంటే డబ్బింగ్ అక్కర్లేదు. మే నుంచి డిసెంబరు దాకా వాన వదలని ఆ ఊళ్లో, సినిమాలోని రాత్రి ప్రత్యేకంగా ఏమీ అనిపించదు.

చూసినవాళ్లు రెండోసారి చూస్తే మొదటి పది నిమిషాల్లో ఎవరూ రాకముందు ఊర్మిళను గమనించాలి. అప్పటికి బెల్ మోగలేదు. ఆమె మాత్రం ఇంట్లో ఒక్కో మూలా తొంగి చూస్తుంటుంది. మొదటిసారి దాన్ని మనం భయం అనే అనుకుంటాం.