అసలు ముట్టని వేట

వేట యనిన మన యిండ్లలో రెండభిప్రాయములు వినవచ్చుచుండును. జీవహింస పాపము గనుక దానిని సమూలముగ మాన్పవలయునని కొందఱందురు. అడవిపక్షి యెవరి సొత్తును గాదు, దొరకినవానిదే యని మఱికొందఱందురు. మొదటి మాటలో దయ కలదు. రెండవ మాటలో ఆకలియో వేడుకయో కలదు. లెక్క మాత్రము రెంటను లేదు. అడవిలో పక్షు లెన్ని యున్నవి, ఏటి కెన్ని పుట్టుచున్నవి, ఎన్నింటిని తీసికొనినను వంశము చెడకుండును అని విచారించి, ఆ లెక్కకు లోబడి వేటాడిన జనము లోకమున నరుదు. నష్టపడిన పిమ్మట ఆ పాఠమును నేర్చుకొనిన యొక దేశపు చరిత్రమును చదువరుల ముందుంచుచున్నాము. అది అమెరికాలోని అడవి టర్కీకోడి చరిత్రము.

టర్కీకోడి మనకు బొత్తిగ క్రొత్తది గాదు. కోళ్లు పెంచువారి దొడ్లలో దానిని మన దేశమందును చూడవచ్చును. 1612 వ సంవత్సరమున ముకర్రబ్ ఖాన్ గోవానుండి తెచ్చిన యీ పక్షిని జూచి జహంగీరు చక్రవర్తి యబ్బురపడి, తన స్వీయచరిత్రమున దానిని వర్ణించెను; మన్సూరు అను చిత్రకారునిచే దాని పటమును వ్రాయించెను. అది మెక్సికో ప్రజలు పూర్వము మచ్చిక చేసికొనిన జాతి. స్పెయినువారు పదునాఱవ శతాబ్దమున దానిని ఐరోపాకు గొనిపోయిరి. దాని యడవి జ్ఞాతులు మాత్రము ఉత్తర అమెరికాలో స్వేచ్ఛగ తిరుగుచుండెను. తూర్పుతీరపు ఆదిమజాతులవారు దాని మాంసమును భుజించుచు, ఈకలతో ఉత్తరీయములు కూర్చుకొనుచుండిరి. 1620 లో ప్లిమత్ తీరమున దిగిన ఆంగ్లేయులకు నాయకుడైన బ్రాడ్‌ఫర్డు, మఱుసటి శరత్కాలమున తమకు అడవి టర్కీలు విస్తారముగ దొరకినవని వ్రాసియున్నాడు.

విస్తారమైనదానికి లెక్క యేల యని వచ్చినవారు తలచిరి. మసాచుసెట్స్ సీమలో అడవులు నఱికి పొలములు చేసిరి. ఓక్ చెట్ల కాయలు తిని బ్రతుకు పక్షికి మేత పోయెను. రాత్రివేళ నిద్రించుటకు కొమ్మ పోయెను. మిగిలిన తోపులలో ఏడాది పొడవునను పుంజనక పెట్టయనక కాల్చి తినిరి, అంగళ్ల కమ్మిరి. పొరుగున నున్న కనెక్టికట్ రాష్ట్రమున 1813 తరువాత ఈ పక్షి కానరాలేదు. మసాచుసెట్స్‌లో మనకు తెలిసిన కడపటి పక్షి 1851 నాటి శీతకాలమున టామ్ కొండమీద చంపబడెను. కడపటి పక్షిని చంపువానికి అది కడపటిదని తెలియుట కష్టము. తన వంతు కొద్దిపాటిదే యని ప్రతివాడును అనుకొనును. ఆ కొద్దిపాటి వంతులన్నియు గూడి వంశనాశన మగును.

పోయినదానిని మరల తెచ్చుకొనవలయునని ఆ రాష్ట్రమువారు 1911 మొదలు 1967 వఱకు తొమ్మిది పర్యాయములకు తక్కువ గాకుండ ప్రయత్నించిరి. దొడ్లలో పెంచిన పక్షులను గొనివచ్చి యడవులలో విడిచిరి. ఆ ప్రయత్నములన్నియు వ్యర్థమయ్యెను. కారణము విచారింపదగినది. మనుజుని చేతిగింజలు తిని పెరిగిన పిల్లకు నక్కను జూచి బెదరుట, మంచులో మేత వెదకుట, హెచ్చరిక కూత వినగానే గడ్డిలో నణగియుండుట నేర్పు తల్లి లేదు. రూపము టర్కీదే, విద్య మాత్రము టర్కీది గాదు. పెంపకము లేని పుట్టుక నిలువదని మనము బిడ్డల విషయమున చెప్పుకొను మాట పక్షుల విషయమునను సత్యమే యని అర్ధశతాబ్దపు వ్యయముతో వారికి తెలియవచ్చెను.

అడవిలో పుట్టిపెరిగిన పక్షులనే పట్టి క్రొత్తయడవికి గొనిపోవలయును. కాని ఆ జాగరూకమైన పక్షి బోనులకు సులభముగ చిక్కునది గాదు. 1950 దశాబ్దమున దక్షిణ కరోలినాలో దీనికొక యుపాయము కుదిరెను. మేత చల్లినచోట పెద్దవలను మడచి దాచి, పక్షులు చేరగానే చిన్న ఫిరంగులవంటి గొట్టములను పేల్చుదురు. వాని విసురునకు వల యెగిరి పక్షులపై పఱచుకొనును. చంపుటకు పుట్టిన మందుగుండు ఇచ్చట ప్రాణముతో పట్టుటకు పనికివచ్చెను. మసాచుసెట్స్ యధికారులు 1972, 1973 సంవత్సరములలో న్యూయార్కు రాష్ట్రమువారి సాయమున అచ్చటి యడవిపక్షులను 37 పట్టి తెచ్చి, తమ పడమటి కొండలైన బర్క్‌షైర్లలో విడిచిరి. 1978 శరత్కాలమునకు అవి సుమారు 1,000 అయ్యెను. ఆ మందలనుండియే పట్టి రాష్ట్రమునందలి యితర ప్రాంతములకు పంచిరి. నేడు ఆ రాష్ట్రమున 30,000 కు మించిన టర్కీలున్నవని యంచనా.

1980 లో అచ్చట వసంతకాలపు వేట మరల ప్రారంభింపబడెను. ఇంత శ్రమపడి తెచ్చిన పక్షిని మరల చంపనిచ్చుట యేమని చదువరు లడుగవచ్చును. దీనికి సమాధానము పక్షి సంసారములోనే కలదు. వసంతమున పుంజు తోక విప్పి, పెద్దగ కూసి, పెక్కు పెట్టలతో జతగూడును. గూడు కట్టుటలో గాని, పొదుగుటలో గాని, పిల్లలను పెంచుటలో గాని దానికి భాగము లేదు. ఆ భారమంతయు పెట్టదే. అది నేలమీద పది పండ్రెండు గ్రుడ్లు పెట్టి, నాలుగు వారములు పొదిగి, పిల్లలను వెంటబెట్టుకొని తిరుగును. కావున జతగూడుట ముగియవచ్చిన వేళ కొన్ని పుంజులు తగ్గినను రాబోవు పిల్లల సంఖ్య తగ్గదు. ఒక్క పెట్ట చచ్చినచో ఆ యేటి సంసారమంతయు చెడును. ఈ న్యాయము ననుసరించి వసంతపు వేటలో, ప్రాయికముగ పుంజులకే యుండునట్టి, రొమ్మున వ్రేలాడు కుచ్చు గల పక్షిని మాత్రమే కాల్చనిత్తురు. ఒక్కొక్కని కిన్ని యని మితము కలదు. చంపినదానిని ప్రభుత్వమునకు తెలుపవలయునను నియమము కలదు. ఆ తెలిపిన లెక్కనుబట్టి మఱుసటి యేటి నియమములు దిద్దుదురు. వ్యవహారము తెలిసిన గృహస్థుడు వడ్డీ తిని అసలును ముట్టనట్లే యిదియు నని చెప్పవచ్చును.

ఈ యేర్పాటులకు ధనమెక్కడిదనునది ముఖ్యమైన ప్రశ్న. 1937 లో అమెరికా ప్రభుత్వము పిట్‌మన్-రాబర్ట్‌సన్ శాసనమును చేసెను. దానిచే వేటతుపాకుల మీదను మందుగుండు మీదను వచ్చు నూటికి 11 వంతుల పన్ను వన్యప్రాణుల పోషణకే వినియుక్త మయ్యెను. ఈ సొమ్ములో వంతు కోరు రాష్ట్రము, వేటలైసెన్సుల రుసుమును తన వన్యప్రాణి శాఖకు దక్క మఱి దేనికిని మళ్లింపరాదని కట్టడి గావించిరి. తినువాడే విత్తనపు ఖర్చు భరింపవలయునను ధర్మ మిందు కానవచ్చుచున్నది.

ఐనను ఘనత యంతయు శాసనములదే యనుట సత్యముగాదు. రైతులు పడమటి మంచిభూములకు తరలిపోగా, విడిచిన పొలములలో అడవి మరల పెరిగెను. అది లేనిచో ఆ 37 పక్షులకు నీడయే లేదు. మఱియు ఒకమారు సరిపడిన లెక్క యెల్లకాలమును సరిపడదు. ఇటీవల దక్షిణపు రాష్ట్రములలో టర్కీపిల్లలు తక్కువగ బ్రతుకుచుండగా, 2022 లో జార్జియా, అలబామా రాష్ట్రములు వేట ప్రారంభమును వెనుకకు జరిపి, మనిషికిచ్చు మితమును తగ్గించెను. వేటగాండ్రకు కష్టమే, కాని లెక్కకు లోబడుట యనగా లాభము తగ్గినయేడును లోబడుట.

ఎల్లపక్షులకును ఈ లెక్క చెల్లునని మేము చెప్పుటలేదు. ఆ దేశమందే ఆకసమును కప్పునంత మందలుగ తిరిగిన ప్రయాణపు పావురము ఒక్క గూటికి ఒక్క గ్రుడ్డే పెట్టునది. మితములేని వేటకు లోనై, కడపటి పక్షి 1914 లో సిన్సినాటి జంతుశాలలో చచ్చెను. మన బట్టమేకపిట్టయు సాధారణముగ ఒక్క గ్రుడ్డే పెట్టును. దాని కొఱకు 1988 లో కర్నూలు సీమలోని రోళ్లపాడున అభయారణ్య మేర్పడెను. 1972 నాటి శాసనము దానిని చంపుటను నిషేధించెను. ఐనను గడ్డిబీళ్లు పొలములై, విద్యుత్తు తీగెలు ఆకాశమున కడ్డుపడగా ఆ పక్షి దేశమునందే మిక్కిలి యరుదయ్యెను. వడ్డీ పుట్టని చోట వేటకు తావులేదు. కాని వేట మాన్పినంతమాత్రమున బీడు దక్కదు.

కావున దయగలవారికి మా మనవి యొక్కటి. చంపవద్దని చెప్పుట మంచిదే. అది గూడుకట్టు నేల మిగిలియున్నదా, ఏటి కెన్ని పిల్లలు బ్రతికి బయటపడుచున్నవి యని యడుగుట అంతకంటె నవసరము. మన బిడ్డలకు పక్షిని చూపునపుడు దాని రంగును గూర్చి మాత్రమే గాక, దాని లెక్కను గూర్చియు చెప్పుదము.