చైత్యవృక్షము

చైత్యశబ్దమునకు గుడి యనియు, బౌద్ధస్తూప మనియు నర్థము చెప్పుట ప్రసిద్ధము. ఇతిహాసములయం దీ శబ్దము గ్రామమునఁ బూజింపఁబడు వృక్షమునకును వాచకముగా నున్నది. 'చిఞ్ చయనే' యను ధాతువువలనఁ జిత్యమును, దానివలనఁ జైత్యమును నేర్పడినవి. పేర్చిన దిబ్బయు, దానిపైఁ గట్టిన గుడియు, అచట నాటిన చెట్టును నొక్క పేరనే వ్యవహరింపఁబడినవి. ఈ యర్థములకు నిదర్శనము లేలూరు సీమయందే కలవు.

కామవరపుకోట చేరువనున్న గుంటుపల్లి కొండయందుఁ గ్రీస్తుపూర్వము 2వ శతాబ్దమునాఁటి గుండ్రని చైత్యగుహ కలదు. దాని కప్పు కొండఱాయియే. అయినను శిల్పి దానియందుఁ గొయ్యవాసముల రూపమును దొలిచి చూపినాఁడు. ఱాతికప్పు నిలుచుటకు వాసములతోఁ బనిలేదు. పూర్వము చైత్యములు కొయ్యతోఁ గట్టఁబడెడి వనుటకును, ఱాతికి మాఱిన పిమ్మటను నా రూపమును విడుచుటకు మనసొప్పలే దనుటకును నిది సాక్ష్యము. లోపలి స్తూపమును బరిసరగ్రామములవారు ధర్మలింగేశ్వరుఁడని కొలుచుచున్నారు. మతము మాఱినను బూజ నిలిచినది.

ఇఁక రెండవ యర్థము. రావిని వేఁపను జతగా నాటి, వానికిఁ బెండ్లి చేసి, మొదట నాగప్రతిమలను నిలిపి, పసుపుకుంకుమలతోఁ బూజించుట తెనుఁగుపల్లెలలో నేఁటికిని గలదు. సంతానము గోరు స్త్రీలు ప్రదక్షిణములు చేయుదురు. అమరసింహుఁ డశ్వత్థమునకు బోధిద్రుమ మను పేరును జెప్పెను. కావున నీ చెట్టు బౌద్ధులకును, వైదికులకును సమానముగాఁ బూజ్యము. తెనుఁగు వ్యాకరణమునఁ జెట్టు జడవాచకము గావున నమహత్తు. పెండ్లిపందిరిలో మాత్రము రావి వరుఁడు, వేఁప వధువు. భక్తి వ్యాకరణమున కొదుగలేదు.

ఆ చెట్టుచుట్టుఁ గట్టిన యరుఁగే రచ్చబండ. రచ్చ యనునది రథ్యాశబ్దమునుండి వచ్చినది. రథ్య యనఁగా వీధి. ఊరి తగవులు తీఱినదియు, బాటసారులు సేదదీఱినదియు నా నీడనే.

శాంతిపర్వమున భీష్ముఁడు రాజధర్మము చెప్పుచు, దుర్గరక్షణమునకై కోటచుట్టునుండు చిన్నచెట్లను మొదలంటఁ గొట్టింపవలెననియుఁ, జైత్యవృక్షముల యాకునైన రాల్పరాదనియుఁ బలికెను. శత్రుభయము గలిగినపుడును దాఁటరాని హద్దొకటి గల దని తాత్పర్యము. నేఁడు బాటలు వెడల్పు చేయుటకై పలుచోట్ల రచ్చలలోని రావులు కూలుచున్నవి. గుంటుపల్లి గుహను గాపాడుటకుఁ బురావస్తుశాఖ కలదు. ఊరి రావికిఁ గొలుచువారి భక్తియే కాపు. అదియు సన్నగిలినచోఁ జైత్యశబ్దమున కొక యర్థము నిఘంటువులయందు మాత్రమే మిగులును.