ఊరికే ఇచ్చిన వైరుకు వేల రూపాయల ధర

ఆంప్లిఫయరూ స్పీకర్లూ కొంటే వైరు ఊరికే ఇచ్చేవాళ్లు. 1970ల దాకా అమెరికా ఆడియో దుకాణాల్లో ఇది మామూలే. ఇచ్చిన ముక్క చాలకపోతే హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి, టేబుల్ ల్యాంపుకు వాడే జంట వైరు అడుగుల లెక్కన కోయించుకుని తెచ్చుకునేవాళ్లు. ఇవాళ అదే పనికి మీటరు వేల రూపాయలు పలికే కేబుళ్లున్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకు రాగి, అందులో కరెంటు. ఇంత ధర ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలంటే పాటలు రికార్డు కాని కాలానికి వెళ్లాలి.

ఏ రాగి మంచిది, ఎంత లావు ఉండాలి అన్న తగువు సంగీతప్రియులు మొదలుపెట్టింది కాదు. అది అట్లాంటిక్ మహాసముద్రం అడుగున మొదలైంది. ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండుకు టెలిగ్రాఫ్ తీగ వేయాలనుకున్నప్పుడు విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త (తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన) బజారులో దొరికే రాగి తీగలు తెప్పించి కొలిచాడు. పైకి అన్నీ ఒకటే. కరెంటును మోయడంలో మాత్రం వాటికీ వాటికీ బోలెడంత తేడా. తీగ లావుగా ఉండాలి, రాగి స్వచ్ఛంగా ఉండాలి అన్నాడాయన. తీగ వేసే కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్‌కు ఆ మాట రుచించలేదు. 1858 ఆగస్టులో తీగ పడింది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన సందేశం నిండా వంద మాటలు కూడా లేదు, చేరడానికి 16 గంటలు పట్టింది. సంకేతం బలహీనంగా ఉందని వైట్‌హౌస్ సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. కొద్ది వారాల్లో తీగ చచ్చిపోయింది. 1866లో లావుపాటి, మేలైన రాగితో వేసిన తీగే నిలబడింది.

ఈ కథను కేబుళ్లు అమ్మేవాళ్లు తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. కానీ థామ్సన్ బాధ 3,000 కిలోమీటర్ల పైచిలుకు తీగతో. మన హాల్లో ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య దూరం మూడు మీటర్లు. సముద్రానికి వర్తించిన లెక్క సోఫా వెనక వర్తించదు.

ఇంట్లో మనల్ని నిజంగా విసిగించేది వేరే బాధ, గుయ్యిమనే మోత. దాని మందు కూడా పాతదే. 1880లో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ కోయాక్సియల్ కేబుల్‌కు పేటెంటు తీసుకున్నాడు. లోపల ఒక తీగ, దాని చుట్టూ రెండోది గొట్టంలా కప్పి ఉంటుంది, బయటి అలజడి పైనే ఆగిపోతుంది. మరుసటి ఏడాది గ్రాహమ్ బెల్ రెండు తీగలకు పురిపెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. పురి తిరిగిన తీగలకు పక్క లైన్ల మోత రెండింటికీ సమానంగా తగులుతుంది, చివర్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సీడీ ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకు వెళ్లే ఎర్రా తెల్లా పిన్నుల కేబుల్ హెవిసైడ్ దారి. స్టేజి మీద మైకు కేబుల్ బెల్ దారి. గిటారుకు గుచ్చే లావు జాక్ అయితే 1870ల చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఆపరేటర్ల చేతిలో పుట్టింది. అంటే ఆడియో కేబుల్‌లో కొత్తగా కనిపెట్టాల్సినవి చాలామటుకు హై-ఫై అన్న పేరు పుట్టకముందే అయిపోయాయి.

ఆ ఎర్రా తెల్లా పిన్ను 1930ల నాటిది. రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా వాళ్లు గ్రామఫోను పికప్‌ను రేడియోకు కలపడానికి చవగ్గా తయారుచేశారు, అందుకే ఇప్పటికీ ఆర్‌సీఏ పిన్ను అంటాం. ఒక్కసారి దగ్గరగా చూడండి. మధ్యలో పుల్ల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, చుట్టూ చీలికలున్న రేకు అంచు వెనకబడి ఉంటుంది. గుచ్చేటప్పుడు సంకేతం తీగ ముందు తగులుతుంది, ఎర్త్ తర్వాత. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా పెడితే స్పీకర్ బుర్రుమని ఇల్లదిరేలా అరిచేది అందుకే. ఇది లోపమని అందరికీ తెలుసు. తొంభై ఏళ్లు కావస్తున్నా ప్రపంచం దాన్ని వదిలిపెట్టలేదు.

స్పీకర్ వైరు సంగతి ఆలస్యంగా వచ్చింది. పాత రేడియోలో స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉండేది. 1958లో స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చాక స్పీకర్లు రెండయ్యాయి, గదిలో చెరో మూలకూ పోయాయి. వైరు పొడవైంది. ధర మాత్రం పెరగలేదు.

పెంచినవాడు నోయెల్ లీ. కాలిఫోర్నియాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ఇంజనీరు, డ్రమ్స్ కూడా వాయించేవాడు. రకరకాల వైర్లు పెట్టి విని, లావుగా ఉన్నవాటికి తేడా ఉందని నమ్మి, 1970ల చివర్లో మాన్‌స్టర్ కేబుల్ అనే కంపెనీ పెట్టాడు. అంతకుముందే జపాన్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ వైర్ల మీద చర్చ నడుస్తోంది కానీ దాన్ని వ్యాపారం చేసింది ఈయన. దుకాణదారుకు ఆంప్లిఫయర్ మీద మిగిలేది తక్కువ, వైరు మీద మిగిలేది ఎక్కువ. ఇక చెప్పేదేముంది! 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫుట్‌బాల్ స్టేడియానికే మాన్‌స్టర్ పార్క్ అని పేరు పెట్టించేంత డబ్బు వైర్లలో వచ్చింది.

తేడా నిజమేనా? 1983లో అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక ఏ వైరు మోగుతోందో శ్రోతలకు చెప్పకుండా పరీక్ష పెట్టింది. వెంట్రుకలాంటి 24 గేజి వైరు, ల్యాంపుకు వాడే 16 గేజి వైరు (గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం), మాన్‌స్టర్. సన్నవైరు వెనకబడింది. పాట విన్నప్పుడు ల్యాంపు వైరుకూ మాన్‌స్టర్‌కూ తేడా పట్టుకోలేకపోయారు. నా దృష్టిలో నోయెల్ లీ సగం సరైనవాడే. దుకాణాలు ఊరికే ఇచ్చిన సన్నవైరు నిజంగానే నాసిరకం. దాని బదులు కొనాల్సింది మాత్రం ల్యాంపు వైరు. 2007లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు ఇంకో అడుగు ముందుకేసి, 12 అడుగుల జత 7,250 డాలర్ల కేబుల్‌ను మామూలు మంచి వైరు నుంచి చెవితో వేరుచేసి చూపిస్తే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. పరీక్ష జరగకుండానే ఆ ముచ్చట ముగిసింది.

లెక్క చూసినా ఇంతే. మన ఇళ్ల వైరింగుకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం మెత్తని రాగి వైరు మూడు మీటర్లు వేస్తే, పోనూ రానూ కలిపి నిరోధం 0.08 ఓము. ఎనిమిది ఓముల స్పీకర్ ముందు అది ఒక్క శాతం. అయిదు శాతం దాటనంత వరకు దిగుల్లేదు. హాలు పెద్దదై పది మీటర్లు లాగాల్సివస్తే 2.5 వేయండి. 24 గేజి వైరు పది మీటర్లకు ఒకటిన్నర ఓము పైనే తినేస్తుంది. స్పీకర్ నిరోధం స్వరస్వరానికీ మారుతుంది కాబట్టి అప్పుడు శబ్దం తగ్గడమే కాదు, రంగు కూడా మారుతుంది.

హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఎర్రనలుపు స్పీకర్ వైరు అడిగితే రకరకాలు చూపిస్తారు. చవకవాటిలో అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చాలా ఉంటాయి. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అది వద్దు. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకే వెళ్లాలి. గుర్తులు చెరిగిపోయిన పాత స్పీకరైతే ఆంప్లిఫయర్ నుంచి విప్పేసి, టార్చి సెల్లు ఒకటి క్షణంపాటు తాకించండి. కోను ముందుకు తోసుకొస్తే సెల్లు ప్లస్ తగిలిన చోటే ప్లస్. గుయ్యిమని మోగుతుంటే కొత్త కేబుల్ కొనేముందు అన్ని పెట్టెల ప్లగ్గులూ ఒకే స్విచ్‌బోర్డుకు మార్చి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం పీకవద్దు. రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్లకు ఒక మినహాయింపు ఉంది. దాని పికప్ నుంచి వచ్చే సంకేతం చాలా చిన్నది, కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుత్తును కాస్త దాచుకునే గుణం) పైస్వరాలను నిజంగానే మారుస్తుంది. అక్కడ పొట్టి, మంచి షీల్డు ఉన్న కేబుల్ కోసం కాస్త ఖర్చుపెట్టినా తప్పులేదు.

అమ్మేవాడు ఖరీదైన కేబుల్‌తో తేడా వినబడుతుందని అంటే వాదించకండి. ఏది పెట్టాడో మీకు కనబడకుండా, వాల్యూమ్ కదపకుండా, పదిసార్లు మార్చి మార్చి వినిపించమనండి. ఒప్పుకుంటే కూర్చుని వినండి. ఒప్పుకోకపోతే పక్కనున్న ఎలక్ట్రికల్ షాపులో 1.5 వైరు కోయించుకుని ఇంటికి వెళ్లండి.